ఏరి పెట్టిన సీసా

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కర్నూలులోని రొయ్యల వ్యాధి పరీక్షల ల్యాబ్‌కు సీనియర్ అనలిస్టుగా బదిలీ చేశారు. అంతవరకూ కోస్తాలోనే పనిచేసిన నాకు, ఆలూరు వైపు మెట్టపొలాల్లో రొయ్యలు పెంచుతున్నారంటే నవ్వొచ్చింది. ఖాదర్ బాషా అనే రైతు పొలం చూశాక ఆ నవ్వు పోయింది. బోరులో ఉప్పునీళ్లు పడి వేరుశనగ ఎండిపోతే, ఆ నీళ్లతోనే రొయ్యల చెరువు వేసుకున్నాడాయన. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం.

సీడు, అంటే రొయ్యపిల్లలు, కోస్తా నుంచి వచ్చి గట్టు మీద తొట్లలో ఉంది. పీసీఆర్ యంత్రంలో తెల్లమచ్చ వైరస్ డీఎన్‌ఏ కోసం వెతికి, లేదని తేలాకే చెరువులోకి వదలాలి. నమూనా మేమే తీయాలి, నీరసంగా ఉన్న పిల్లల్ని ముందు తీయాలి, వైరస్ ఉంటే వాటిలోనే ముందు బయటపడుతుంది. అది నియమం. మేం వెళ్లేసరికే బాషా ఒక సీసా నింపి ఉంచాడు. ఎండ మండిపోతోంది. భోజనం పెట్టాడు, తిన్నాను, ఆ సీసానే తీసుకుని వచ్చేశాను. వైరస్ లేదని రిపోర్టు మీద సంతకం చేశాను.

నెల తిరగ్గానే ఫోను వచ్చింది. వెళ్లి చూశాను. గట్టు వెంబడి ఎర్రబారిన రొయ్యలు తేలుతున్నాయి, తలపెంకు నిండా తెల్లమచ్చలు. వైరస్‌ను మోసే పీతలు రాకుండా కట్టిన వల చెక్కుచెదరలేదు. నీళ్లను ముందే బ్లీచింగుతో శుద్ధి చేశారు. ఇక మిగిలిన దారి సీడు ఒక్కటే. ఆ రోజు సీసాలోకి ఎలాంటి పిల్లల్ని తీశావని బాషాను అడిగాను.

“మీరు అంత దూరం నుంచి వస్తాండారని, చురుగ్గా ఉండేవే ఏరి పెట్టినా సార్. శానా సేపు పట్టింది. ఇంటికొచ్చినోళ్లకు డీలా పడినవి ఎట్ల ఇస్తాం?”

తప్పు నాదేనన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు, నీళ్లు వంకలోకి వదిలేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. వంకలోని పీతలకు వైరస్ అంటితే దిగువ చెరువులన్నిటికీ చేరుతుంది. బతికున్న రొయ్యలతో సహా చెరువు మొత్తానికీ బ్లీచింగ్ కలిపించాను. ఆ బస్తాలు ఆయనే మోశాడు.

ఆ తర్వాత ఎవరు నింపి ఇచ్చిన సీసానూ నేను తీసుకోలేదు. రిపోర్టులో ‘వైరస్ లేదు’ అని కూడా రాయలేదు, ‘ఈ నమూనాలో కనబడలేదు’ అనే రాశాను. యంత్రానికి తెలిసేది అంతే. మిగతాది తొట్టిలో చెయ్యి పెట్టి తెలుసుకోవాల్సింది నేను.