తుడిచేసిన ఖాళీ జాగా

కూతురు చనిపోయిన ఏడాదికి మా వదిన తన పాత ల్యాప్‌టాప్ అమ్మిపెట్టమని పీలమేడులో ఉంటున్న నాకిచ్చింది. కొన్నవాళ్లకు ఏదీ దొరకకూడదని, చెరిపేసిన ఫైళ్ల జాడ కూడా మిగలకుండా డిస్కులోని ఖాళీ జాగా అంతా తుడిచేశాను. ఆ పని ముగిసిన గంటకే కారమడై నుంచి ఆమె ఫోన్ చేసింది.

"తంబీ, చూడలేక పాప ఫోటోలంతా నేనే అళిచేసినాను. చెరిపినవి మళ్లీ ఎత్తొచ్చంట గదా? నువ్వే ఎత్తియ్యాల."

రెండు రోజులు వెతికాను. ఒక్క ఫోటో కూడా తిరిగి రాలేదు.

"డిస్కు చెడిపోయింది వదినా" అని అబద్ధమాడాను.

"అంతా నా చేత్తోనే పోగొట్టుకుంటిని తంబీ" అని ఏడ్చింది. కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

వదిన ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది కానీ, తమిళ బడిలో చదువుకుంది కాబట్టి తెలుగు చదవడం రాదు. అందుకే ఈ నిజం ఇక్కడ రాయగలిగాను.