డిసెంబరు తొమ్మిది నాటి ఆకులు

బుచ్చమ్మది తూంకుంట. శామీర్‌పేట దాటాక ఉన్న ఒక మామిడి పరిశోధన తోటలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. కలుపు తీయడంతో మొదలుపెట్టి, కొమ్మలకు చీటీలు కట్టడం, పరీక్షలకు ఆకులు కోసివ్వడం దాకా వచ్చింది. చదివింది నాలుగో తరగతే. అయినా ఆకు నలిపి వాసన చూసి అది ఏ రకం చెట్టుదో చెప్పగలదు.

ఆమెకు పని చెప్పేది సాయిప్రియ. వాళ్లది కాకినాడ, ఇప్పుడు కొంపల్లిలో ఉంటారు. కొన్ని మామిడి చెట్లు ఏటా పూస్తే కొన్ని ఏడాది విడిచి ఏడాది ఎందుకు పూస్తాయన్నది ఆమె పరిశోధన. పని మొదలుపెట్టిన రోజే బుచ్చమ్మకు విడమరిచి చెప్పింది.

"చలి తగిలితే ఆకులో ఒక జన్యువు మేలుకుంటుందండీ. అది తయారుచేసిన పదార్థం కొమ్మ చివరికి వెళ్లి, పూత వెయ్యమని మొగ్గకు చెబుతుంది. కిందటేడు చెట్టు విరగకాస్తే, ఈ ఏడు ఆ జన్యువు సరిగ్గా మేలుకోదు. మొగ్గ ఉత్త ఆకులే వేస్తుంది."

"అంటే పూత సంగతి ఆకుకెరుక, మొగ్గకెరుకలేదన్నట్టు," అంది బుచ్చమ్మ.

సాయిప్రియ నవ్వి, అంతేనంది.

ఆ చలికాలం ప్రతి మంగళవారం పొద్దున్నే బుచ్చమ్మ రెండు చెట్ల ఆకులు కోసేది. ఒకటి ఏటా కాసే నీలం. రెండోది కిందటేడు విరగకాసిన బంగినపల్లి. వేటి సంచిలో వాటిని వేసి ఐసు డబ్బాలో పెట్టేది.

డిసెంబరు తొమ్మిది కూడా మంగళవారమే. అప్పటికి ఆమె భర్త వీరయ్య పక్షవాతంతో అల్వాల్ ఆసుపత్రిలో చేరి ఆరు రోజులైంది. కూతురు వినోద దగ్గరుంది. బుచ్చమ్మ రెండు చెట్ల ఆకులూ కోసి గోనెపట్టా మీద రెండు కుప్పలుగా పోసిన సమయానికి ఫోన్ మోగింది.

"అమ్మా, బాపు పోయిండే," అంది వినోద.

"సరే బిడ్డా, వస్తున్న," అంది బుచ్చమ్మ. ఫోన్ పక్కన పెట్టి, ఆకులు సంచుల్లో నింపింది. డబ్బా మూత గట్టిగా బిగించి, కాపలా ఉండే శేఖర్‌కు చెప్పి ఆటో ఎక్కింది.

ఆమె ఏడవలేదు. ధైర్యస్థురాలని కొందరన్నారు, రాయి గుండె అని కొందరన్నారు. ఆమెకు రెండూ ఒకేలా వినిపించాయి. దినాలు కాగానే మళ్లీ పనికొచ్చింది. చెప్పిన పనల్లా చేసేది. ఎవరైనా పలకరిస్తే జవాబిచ్చేది.

మార్చిలో పరీక్షల ఫలితాలొచ్చాయి. సాయిప్రియ ఆమెను గదిలోకి పిలిచి కంప్యూటర్‌లో రెండు చెట్లలో ఆ జన్యువు వారం వారం ఎంత మేలుకుందో చూపే రెండు గీతలు చూపించింది.

"ఇది మన బంగినపల్లి. పూత రాలేదు కదా? కానీ ఒక్క వారం మాత్రం ఆకు పూత వెయ్యమని గట్టిగా చెప్పిందండీ. మొగ్గే వినలేదు! ఇలా జరిగినట్టు నేనెక్కడా చదవలేదు. వచ్చే నెల సదస్సులో ఇదే చెప్పబోతున్నాను."

"ఏ దినం ఆకులు మేడం?"

"డిసెంబరు తొమ్మిది."

బుచ్చమ్మ వంగి ఆ గీతను చూసింది.

"మేడం, గవి ఆ చెట్టు ఆకులు గాకపోవచ్చు. గా దినమే మా ఆయన పోయిండు. ఫోన్ మాట్లాడినంక ఏ సంచిల ఏ ఆకులేసిన్నో నాకు యాదికి లేదు. వాసన గూడ జూడలే."

సాయిప్రియ కంప్యూటర్ వదిలి ఆమె వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ?"

"నాకే ఎరుకలేదు మేడం. మీరు తారీకు చెప్తే ఇప్పుడు అనుమానమొచ్చింది."

సరిగ్గా ఆ వారమే నీలం గీత పడిపోయి ఉంది. సాయిప్రియ దాన్ని పరీక్షలో లోపమనుకుని పక్కన పెట్టింది. పరీక్షలకు నూరగా మిగిలిన ఆకుల పొడి ఇంకా ఫ్రీజర్‌లో భద్రంగానే ఉంది. ఏ రకం చెట్టుకైనా జన్యువుల్లో తనవైన గుర్తులుంటాయి కాబట్టి వాటిని పరీక్షించింది. పది రోజుల్లో తేలింది, ఆకులు తారుమారయ్యాయి. వాటిని సరిచేస్తే రెండు చెట్లూ అందరికీ తెలిసిన దారిలోనే నడిచాయి. కొత్త సంగతేమీ లేదు. సాయిప్రియ సదస్సుకు పంపిన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. ఒక చెట్టు సంచికి చీటీ అంటించి మూశాకే రెండో చెట్టు దగ్గరికి వెళ్లాలని నియమం పెట్టింది.

రెండు రోజులు బుచ్చమ్మతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మూడో రోజు అన్నాల వేళ వచ్చి పక్కన కూర్చుంది.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. పని పోతుందని భయం వెయ్యలేదా?"

"భయం గూడ రాలే మేడం. గప్పుడు నాకు ఏదీ రాలే. ఏడుపు రాలే, ఆకలి రాలే. గందుకే నిజం చెప్పుడు మస్తు అల్కగైంది, కష్టమనిపియ్యలే."

"మరి ఇప్పుడు?"

బుచ్చమ్మ తన అన్నం డబ్బా మూత తీసింది.

"నిన్న కూరల ఉప్పెక్కువైంది. ఇన్ని దినాలకు తింటుంటే తెలిసింది," అంది.

సాయిప్రియ తన డబ్బాలోని పెరుగన్నం కొంచెం ఆమె మూతలో పెట్టింది. తిన్నాక ఇద్దరూ లేచి, నీలం చెట్ల పిందెలు లెక్కపెట్టడానికి వెళ్లారు.