ఎవరికి చూపించేకి?

బెంగుళూరు బొమ్మనహళ్ళిలో మా వీధిలో ఫొటో తీయించుకోవాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. కెమెరా వెనక నిలబడి నేత్రావతి అడుగుతుంది: "ఎవరికి చూపించేకి?" పాస్‌పోర్టుకని ఒకరంటారు, పెళ్ళివాళ్ళకని ఇంకొకరంటారు. ఆ జవాబును బట్టే ఆమె చెయ్యి నడుస్తుంది. నీకెందుకమ్మా అన్నవాళ్ళను బయటికి పంపేయడం కూడా నేను చూశాను. ఆమె స్టూడియోను ఆనుకొనే నా బ్రౌజింగ్ సెంటర్. మధ్యలో ఉన్నది ప్లైవుడ్ గోడ, అటు తుమ్మినా ఇటు వినబడుతుంది. కాబట్టి నేను చెప్పేదాంట్లో పుకార్లేమీ లేవు.

తొంభైల్లో వాళ్ళ నాన్న సొన్నప్ప దగ్గర ఆమె టచ్చింగ్ నేర్చుకుంది. వెలుతురు పెట్టె మీద నెగటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొటిమల మచ్చల్ని ఒక్కొక్కటే పూడ్చే పని అది. మొటిమలు ఎన్నయినా తీసేది. పుట్టుమచ్చ, గాటు, ముక్కు, దవడ మాత్రం ముట్టుకునేది కాదు. "రేపు ఆ మనిషి పోయి ఈ ఫొటో పక్కన నిలబడల్ల కదన్నా" అనేది నాతో. ముక్కు సన్నం చెయ్యమన్న ఒక పెళ్ళికొడుకును, "ఆ ముక్కు మీ నాయిన ఇచ్చింది, ఆయప్పనే అడుగుపో" అని సాగనంపింది. కంప్యూటర్లు వచ్చాక మూడు వారాల్లో ఆ పనీ పట్టేసింది. నేర్పింది నేనేనని నేను చెప్పుకుంటాను, ఆమె ఒప్పుకోదు. నేత్రావతికి తన చేతి మీద ఉన్నంత నమ్మకం నాకు నా చేతి గడియారం మీద కూడా లేదు.

అలాంటి మనిషి ఒక్కసారి తప్పు చేసింది. దాని గురించే చెబుతున్నాను.

రెండువేల ఆరులో లలిత్ అనే కుర్రాడు నా సెంటర్‌కు రావడం మొదలుపెట్టాడు. ఏలూరు వైపువాడు, ఇరవై మూడేళ్ళు. బొమ్మసంద్రలో బేరింగులు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. చొక్కా జేబులో వెర్నియర్ ఉండేది, వెంట్రుక మందం కూడా కొలిచే ఉక్కు కొలబద్ద. కొలత తప్పిన ముక్కకు ఎర్ర రంగు పూసి పక్కన పడెయ్యడం వాడి ఉద్యోగం. రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి మూలనున్న మూడో కేబిన్‌లో కూర్చునేవాడు. ఏదో అమ్మాయితో చాటింగ్ చేస్తున్నాడనుకొని సంతోషించాను కూడా.

అమ్మాయి లేదు, గిమ్మాయి లేదు. అదొక సైటు. మగవాళ్ళు తమ ఫొటో పెడితే ముక్కూ మొహం తెలియనివాళ్ళు పదికి మార్కులు వేస్తారు. నుదురు ఎంత, దవడ ఎంత అని ఒకడి ముఖాన్ని ఇంకొకడు కొలిచి, లోపాలు రాసి పెడతారు. మావాడికి నాలుగు వచ్చింది. ఆ దవడతో బయట తిరగడం దండగ అని ఎవడో ఇంగ్లిషులో రాశాడు. లలిత్ అది ప్రింటు తీసి మడిచి పర్సులో పెట్టుకున్నాడు. ఆ కాగితం నా ప్రింటర్‌లోంచే వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ తర్వాత వాడు వెర్నియర్‌తో తన ముఖాన్ని తానే కొలుచుకోసాగాడు. దవడ గట్టిపడాలని గట్టి రబ్బరు ముక్క నమిలేవాడు. నోరు తెరిస్తే దవడ టక్కుమనేది. నమిలేటప్పుడు పక్కనుంచి ఎవరైనా చూస్తారని క్యాంటీన్‌కు పోవడం మానేసి, ఆకలితో చిక్కిపోయాడు.

ఒకరోజు పక్కకు పోయి నేత్రావతిని అడిగాడు. "నా ఫొటోలో దవడ కొంచెం షార్ప్‌గా చెయ్యండక్కా."

"ఎవరికి చూపించేకి?"

"ఎవరికీ కాదక్కా. జస్ట్ సైట్‌లో పెడతాను."

ఎవరికీ కాదంటే ఆ ఫొటో పక్కన నిలబడే అవసరమే రాదు కదా అనుకుంది ఆమె. చేసిచ్చింది. మార్కులు నాలుగు నుంచి ఎనిమిదిన్నరకు ఎగబాకాయి. లలిత్ మైసూర్‌పాక్ తెచ్చాడు. మేమిద్దరం తిన్నాం కూడా.

రెండు వారాలు పత్తా లేడు. తర్వాతి సోమవారం వచ్చి, అదే ఫొటో పెద్ద సైజులో కావాలన్నాడు.

"ఎవరికి చూపించేకప్పా?"

"సర్జన్‌కి. రెండు పక్కలా బోన్ కట్ చేసి, ఈ ఫొటోలో ఉన్నట్టు సెట్ చేస్తారంట. ఫ్రైడే అడ్మిషన్. ఇప్పుడున్నది రిజెక్ట్ పీసక్కా. రీవర్క్ చేయించుకోవాలి."

గోడకు ఇవతల నాకు ప్రతి మాటా వినబడింది. పరుగున పక్కకు పోయాను. "నీకేమన్నా పిచ్చా!" అని అరిచాను.

"నువ్వు సుమ్మనుండన్నా" అని నన్ను ఊరుకోబెట్టింది నేత్రావతి. కంప్యూటర్ తెర వాడివైపు తిప్పింది. "ఈ దవడ ఎవరిదో తెలుసునా?"

"నాదే. మీరు కరెక్ట్ చేశారు కదా."

"నాకు దవడలు గీసేకి రాదప్పా. ఎప్పుడూ చేసిన పని కాదు. అందుకని ఇంకొకరి ఫొటోలోంచి కోసి నీకు అతికించినా. ఇదో, ఈయప్పది." వేలు నావైపు చూపించింది.

ఆ సంగతి నాకే అప్పుడు తెలిసింది. రేషన్ కార్డు కోసం తీయించుకున్న నా ఫొటో ఆమె కంప్యూటర్‌లో ఉండిపోయిందట. లలిత్ నన్ను చూశాడు. బట్టతల, బొజ్జ, నలభై రెండేళ్ళు. ఎనిమిది నెలలుగా రోజూ నా ఎదుటే కూర్చున్నవాడు, మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"ఇంపాజిబుల్" అన్నాడు. ఉద్యోగం అలాంటిది కదా, కొలవందే నమ్మడు. జేబులోంచి వెర్నియర్ తీశాడు. నా చెంపకు ఉక్కు చల్లగా తగిలింది. అడ్డం కొలిచాడు, నిలువు కొలిచాడు, తెర మీది దవడనూ కొలిచి పర్సులోని కాగితం వెనక లెక్క వేశాడు. మళ్ళీ కొలిచాడు.

"ఎనిమిదిన్నర... మీదేనన్నా" అన్నాడు.

"ఈ దవడ పెట్టుకొని ఇన్నేండ్లు తిరగతా ఉండాను. ఒక్కరన్నా మెచ్చుకున్న పాపాన పోలేదు. మా ఇంటామె అయితే ఆ మూతేంది అట్ల పెట్టినావు అని తిడతాది" అన్నాను.

వాడికి నవ్వొచ్చింది. నవ్వుతూనే వెర్నియర్ దించాడు. వేళ్ళు మాత్రం నా చెంప మీదే ఉండిపోయాయి. "బెంగుళూరు వచ్చాక ఒక మనిషికి ఇంత దగ్గరగా రావడం ఇదే ఫస్ట్ టైమ్ అన్నా" అని భోరుమన్నాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

నేత్రావతి ఏడవలేదు. "తప్పు నాది. ఎవరికీ కాదు అంటివి. ఎవరికీ కాని ఫొటో నేను చేసుండకూడదు" అంది. వాడి ముందే ఆ ఫొటోను కంప్యూటర్‌లోంచి తుడిచేసింది.

శుక్రవారం వాడు ఆసుపత్రికి పోలేదు. మా ఇంట్లో రాగిముద్ద, ఆకుకూరల సొప్పుసారు తిన్నాడు. దవడ టక్కుమనడం మాత్రం పోలేదు, ఇప్పటికీ చపాతీ నమిలితే వినబడుతుంది. ఆ సైటు నా సెంటర్‌లో తెరుచుకోకుండా చేశాను. వీధి చివర ఇంకో రెండు సెంటర్లు ఉన్నాయని నాకూ తెలుసు.

తర్వాతి నెలలో లలిత్ నన్ను వెంటబెట్టుకొని స్టూడియోకు పోయాడు. ఇద్దరికీ కలిపి ఒక ఫొటో తీయమన్నాడు.

"ఎవరికి చూపించేకి?"

"ఎవరు చూసినా సరేనక్కా."

టచ్చింగ్ చెయ్యకుండా ప్రింటు వేసి, అద్దాల బీరువాలో అందరికీ కనబడేట్టు పెట్టింది. చూసినవాళ్ళెవరూ దవడల సంగతి ఎత్తరు. "అన్నదమ్ములా?" అని అడుగుతారు. నేత్రావతి కెమెరా సర్దుకుంటూ అవునని చెబుతుంది.