తెల్ల గద్ద తిరిగిన చేను

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో వరుసగా వానలు ముఖం చాటేశాయి. శ్రీరంగాపూర్‌కు ఆమడ దూరంలో మా ఊరు. ఆ ఎండాకాలం, ఊరి బయట చచ్చిన పశువులను ఈడ్చిపడేసే చోట, ఆ తెల్ల గద్దను మొదటిసారి చూశాను. ఎండు కట్టెలేవైనా దొరుకుతాయేమోనని అటు పోయాను. గడ్డి లేక పశువులు చస్తున్న రోజులు కాబట్టి గద్దలకు తిండికి కొదవ లేదు. మట్టిరంగు గద్దల నడుమ అదొక్కటే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. బర్రె పక్కటెముకల్లో తల దూర్చి పీక్కుతింటోంది. తల బయటికి తీస్తే మెడ దాకా నెత్తురు.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. మనుషులకు బొల్లి రాదా? దీనికీ అట్లాగే రంగు పోయిందనుకున్నాను.

మృగశిర కార్తె వచ్చినా చినుకు లేదు. ఒకనాటి పొద్దున మా ఆయన చేను నుంచి ఉరుకుతూ వచ్చాడు. శనివారం శనివారం ఒక్కపొద్దు ఉండి, శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడికి కాలినడకన పోయే మనిషి.

"ఏయ్, ఇన్నవా? గరుత్మంతుడు వచ్చిండు! పాల లెక్క తెల్లగున్నడు. మన చేను సుట్టు కుడిదిక్కుకు తిరిగి పోయిండు."

మా వైపు గరుడపక్షి కనబడితే చెంపలు వేసుకుంటారు. విత్తే ముందు అది చేను మీద కుడివైపుగా తిరిగితే స్వామి సెలవిచ్చినట్టే. కానీ గరుడపక్షికి తలా రొమ్మూ తెలుపు, రెక్కలు ఇటుక రంగు. నేను చూసినది ఒళ్లంతా తెలుపు, తోక మాత్రం మామూలు గద్ద తోకే, చివర చీలి ఉంది.

"గరుత్మంతుడు సచ్చిన బర్రెను తింటడా? నా కండ్లతోని చూసిన," అన్నాను.

"నోరు మూస్కో. కండ్లు పోతయ్."

"పోతే పోనియ్. పోయేదంక చూసిందే చెప్త."

పక్కింటామె గోడ మీది నుంచి తొంగిచూసింది. "అక్కో, దేవుడే మీ చేను సుట్టు తిరుగుతుండంట. ఇంగ నీకేం ఫికర్?"

"తిరిగి తిరిగి ఆకలైతది. నీ కోడిపిల్లలను గంప కింద పెట్టుకోపో."

మర్నాడు సాయంత్రం నేల వాసన వచ్చేంత జల్లు పడింది. అది గద్ద మహిమేనని ఊరంతా అనుకుంది. మా ఆయన విత్తనం వేసే గొర్రు బయటికి తీశాడు. నేను చేనుకు పోయి పిడికెడు మన్ను పిసికి చూశాను. పదునుంటే ముద్ద కట్టాలి. వేళ్ల సందుల్లోంచి పిండిలా రాలిపోయింది.

ఇంట్లో ఉన్నది ఒక్క కుండెడు ఆముదం విత్తనం. మంచి గెలలు ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి దాచినది. దీపంలో నూనె లేని రోజు కూడా దాని మీద చెయ్యి పెట్టనియ్యలేదు. ఊళ్లో ఎవరింట్లోనూ అదనపు విత్తనం లేదు. అది పోతే చేను బీడు, మేము వలస. పోయి కుండ ముందు కూర్చున్నాను.

"లెవ్వు. స్వామి సెలవిచ్చిండు," అన్నాడు.

"మన్ను ఇయ్యలేదు."

"దేవుని కంటే ఎక్కువనా నువ్వు?"

"నీ దేవునికి సగం ఇస్త. నా మన్నుకు సగం. ఇంకొక్క గింజ అడిగితే కుండ పగలగొడ్త."

గడపలో నిలబడ్డ కొడుకు నవ్వు ఆపుకున్నాడు. "తీస్కో నాయినా. జర ఆగితే అమ్మ అది గూడ ఇయ్యది."

మా దగ్గర విత్తనం వదిలే చెయ్యి ఆడదానిదే. పోతాయని తెలిసీ గొర్రు వెనక నడిచి ఆ సగం నా చేతులతోనే వదిలాను. గింజలు మొలిచాయి, రెండాకులు వేశాయి. ఆపైన ఎండకు మాడిపోయాయి. మా ఆయన తెల్లారగట్ల చెంబుతో నీళ్లు తీసుకుపోయి మొలకలకు పోసేవాడు. తాగే నీళ్లకే బోరింగు కాడ కొట్లాటలు. ఒకరోజు ఆ చెంబు చేతిలోంచి గుంజుకున్నాను. ఆయన వదిలేశాడు.

తర్వాత మా రెండెద్దుల్లో ఒకటి పడి చచ్చిపోయింది. ఊరి బయటికి ఈడ్చుకుపోయినవాళ్లతో ఆయనా పోయి, వచ్చి, అరుగు మీద కూర్చున్నాడు.

"తెల్లది గూడ దిగింది దాని మీద," అన్నాడు.

అన్నం పెట్టాను. తినలేదు, గిన్నె మీద మూత పెట్టాను.

పుష్యమి కార్తెలో అసలు వాన పడింది. మన్ను ముద్ద కట్టింది. పదునున్న రోజు ఎవరూ ఎద్దును బదులియ్యరు. కాడికి ఒక పక్క ఎద్దు, ఇంకో పక్క మా ఆయన. కొడుకు గొర్రు పట్టాడు. ఎద్దు అడుగు వేసినప్పుడల్లా కాడి ఆయన మెడ మీద ఒరుసుకునేది. చేను నడుమకు వచ్చేసరికి నా ఒడిలో విత్తనం అయిపోయింది. ఆయన కాడి దించి, మిగిలిన సగం చేను వైపు చూశాడు.

సగం చేను ముగ్గురిని సాకదు. మెడ మీది పుండు మానకముందే తండ్రీ కొడుకులు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ వెంట కాలువ తవ్వే పనికి లారీ ఎక్కారు.

"నేనొచ్చేదంక గెలలు కొయ్యకు," అన్నాడు మా ఆయన లారీ పైనుంచి.

"ఎండినంక ఆగుతయా? రాలిపోవా? నేనే కోస్త. నువ్వు పోయిన కాడ నీళ్లు మంచియో కావో చూసి తాగు."

లారీ పోయింది. పొద్దు ఇంకా ఉంది. కొడవలి తీసుకుని చేనుకు పోయాను. బీడు పడిన సగంలో గడ్డి మొలిచింది. ఉన్న ఒక్క ఎద్దుకు కోసుకురావాలి.