వాకిలి గుర్తు

చిత్తూరులో చాకలి వరదమ్మ బట్టలుతికే ఇళ్లకు ఒక్కోదానికి ఒక్కో గుర్తు. నల్లజీడి రసంలో పుల్ల ముంచి బట్ట మూలన పెట్టేది. ఒకసారి పడితే బట్టలన్నీ కలిపి ఆవిరి పెట్టే ఉబ్బలో ఎంత ఉడికినా అది పోదు. అత్త నేర్పిన పద్ధతి ఒకటుంది: గుర్తు వాకిలిది, మనుషులది కాదు. బాడుగవాళ్లు మారినా కొత్తగా దిగినవాళ్లకు ఆ ఇంటి పాత గుర్తే. చాకిరేవులో అందరికీ తెలిసిన సంగతి గనుక ఎవరూ నోరు తెరిచి చెప్పుకోరు.

పంతొమ్మిదివందల నలభై ఆరులో బెల్లం మండీ యజమానిని ఎవరో గొంతు నులిమి చంపారు. శవం పక్కన తుండుగుడ్డ ఒకటి దొరికింది. హెడ్డు కానిస్టేబులు దాన్ని రేవుకు తెచ్చి, "ఇది ఎవరింటిది మే?" అన్నాడు. వరదమ్మ తడిచేత్తోనే మూల తిప్పి చూసి, "తూర్పు సందులో పెంకుటింటిది సామీ" అంది. ఆ ఇంట్లో ఉండేది మండీ గుమాస్తా సుందరరాజు. పొద్దుగూకేలోగా అతన్ని పట్టుకుపోయారు.

మద్రాసు పేపరులో 'హంతకుణ్ణి పట్టిచ్చిన చాకలి' అని పడింది. కాఫీ హోటలు ముందు ధనంజయ అనే కుర్రాడు పైకి చదివాడు.

"గుడ్డ అబద్ధమాడదబ్బా!"

"గుడ్డ ఆడదు, పేపరోడు ఆడతాడు. నిన్న శవం మెడకుండాదని రాసినాడు, ఈ పొద్దు బాయిలో దొరికిందంటాడు."

"నువ్వు పోయి సూసినావా?"

"మద్రాసులో కూసున్నోడు సూసినాడా?"

మూటతో పోతున్న వరదమ్మను చూసి, "అదో, ఉరితాడు పేనినమ్మ!" అన్నాడొకడు. నవ్వులు లేచాయి.

ఆ రోజు నుంచి రేవులో చేతికొచ్చిన ప్రతి తుండుగుడ్డ మూలా తిప్పి చూసేది. సుందరరాజుకు ముందు ఆ ఇంట్లో ఏకాంబరం కాపురముండి వడమాలపేటకు వెళ్లిపోయాడు. అతని బట్టలకూ అదే గుర్తు. అన్నీ ఒకే రకం తుండుగుడ్డలు. శవం పక్కన దొరికింది ఇద్దరిలో ఎవరిదో ఎంత తలచుకున్నా తేలలేదు.

"అడిగినదానికి చెప్పినావు, అయిపాయ" అన్నాడు మొగుడు కుప్పయ్య. "ఇప్పుడు మాట తిప్పితే మనకెవురు బట్టలేస్తారు?"

"బట్టలెయ్యకపోతే ఇంకో ఊరు పోతాం. జైల్లో ఉండే ఆయప్ప యాడికి పోతాడు?"

"ఏకాంబరం పేరు చెప్తావా? అప్పుడు తాడు ఆయప్ప మెడకు పడతాది."



కోర్టులో సర్కారు ప్లీడరు తుండుగుడ్డ పైకెత్తాడు. "ఇది సుందరరాజుదేనా?"

"గుర్తు నేను పెట్టిందే. ఇల్లు అదే. ముందున్నోళ్ల గుడ్డలకూ ఇదే ఉంటాది సామీ. మేము వాకిలికి పెడతాము."

"అయితే ముందున్నవాళ్లదా?"

ఏకాంబరం పేరు నాలుక దాకా వచ్చింది. మింగేసింది. "అది నాకు తెలీదు. ఇల్లు చెప్తే మీరు మనిషిని పట్టుకున్నారు. ఇంకో పేరు చెప్తే ఇంకొకరిని పట్టుకుంటారు. తెలీంది నన్ను అడగొద్దండి."

గుడ్డను పక్కన పెడితే కేసులో ఇంకేమీ మిగలలేదు. సుందరరాజు ఇంటికొచ్చాడు. పేపరులో మాత్రం 'మాట మార్చిన చాకలి' అని పడింది. సుందరరాజు దగ్గర డబ్బు పుచ్చుకుందని సగం ఊరు, కాదని సగం ఊరు.

ఆ తర్వాత బట్టలకు వెళితే, రేవుకు దగ్గరి మిద్దింటి పంకజాక్షమ్మ మూట గడపలోనే పట్టుకుని నిలబడింది. "ఆ పెంకుటింటి గుడ్డలతో కలిపి మావి ఉబ్బ ఎయ్యొద్దు మే. సరేనంటేనే ఇస్తాను."

తను పెళ్లయి వచ్చిన నాటి నుంచి బట్టలు వేస్తున్న ఇల్లు అది. వరదమ్మ చాచిన చేతులు దించుకుంది.

"ఉబ్బ ఒక్కటే కదమ్మా, అందరివీ అందులోనే పడతాయి. మూట లోపల పెట్టుకోండి" అని, పెంకుటింటి బట్టలకు తూర్పు సందు వైపు తిరిగింది.