హబ్బుకు జ్వరం జూసే షాలేమన్న

అదే చెప్తున్న, చాయ్‌కు తొందరపడకుండ్రి, మా షాలేమన్న పాలకు పోయిండు. ఆ మనిషికి చక్రం కనపడితే చెయ్యి ఆగదు. ఎవరి బండైనా సరే ఆపుతడు. చక్రం నడుమ హబ్బు మీద చెయ్యి తిరగేసి పెట్టి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు కండ్లు మూసుకుంటడు.

టేకులపల్లి రోడ్డు మీద నా హోటలు పక్కనే ఆయన షెడ్డు. ట్రాలీల హబ్బులిప్పి, బేరింగులు డీజిల్‌ల కడిగి, రొట్టెపిండి ఒత్తినట్టు అరచేత్తోని గ్రీజు ఒత్తి, కొత్త సీలు కొట్టి బిగిస్తడు. పనికి పేరు పెట్టేది లేదు. పని లేనప్పుడే పరేషాన్.

పెండ్లికొడుకు కారు ఆపిండు. శవాన్ని తీస్కపోయే బండిని సుత ఆపిండు.

"అన్నా, లోపల మా తాత ఉన్నడే" అన్నడు ఆ బండిల కూసున్న బొజ్జయ్య.

"తాతకేం తొందర? ఎడమ చక్రం కాలుతుంది."

షాలేమన్న అత్తకు జ్వరమొస్తే మణుగూరు దవాఖానాకు తీస్కపోయిన్రు. ఆమె స్ట్రెచర్ మీద మూలుగుతుంటే, ఈయన వంగి స్ట్రెచర్ చక్రం పట్టి చూసిండు.

"దీనికేం లేదు" అన్నడు.

"చక్రానికి లేదు, మా అమ్మకున్నది" అన్నది ఆయన పెండ్లాం రిబ్కా. వారం దాంక మాట్లాడలే.

మిరపకాయ ఏరే కాలంల ప్రేమ్‌సాగర్ పొద్దుగాల తండా ఆడోళ్లను ట్రాలీల తోటలకు తీస్కపోతడు. ఆ ట్రాలీని షాలేమన్న రోజూ ఆపుడే.

"జ్వరమున్నది. సల్లారేదాంక కదల్చకు. చక్రం ఊడితే నన్ను అడగకు."

ఆడోళ్లు దిగుతరు. ప్రేమ్‌సాగర్ పండ్లు నూరుకుంట నా కాడ చాయ్ తాగుతడు. ఒకనాడు పోయి తనే చెయ్యి పెట్టి చూసిండు.

"సల్లగున్నది గదన్నా?"

"మీద సల్లగనే ఉంటది. ఇది లోపలి జ్వరం."

"నిన్న సుత లోపలిదేనా?"

"నిన్నటిదే ఇంక తగ్గలే."

"తబితక్కా, విన్నవా? రేపటి సంది నేను అవతలి రోడ్డున పోత. అక్కడ ఆపేటోడే ఉండడు" అన్నడు ప్రేమ్‌సాగర్ నా దిక్కు తిరిగి.

షాలేమన్న మొఖం మాడిపోయింది. అప్పుడే షెడ్డు ఎనక పొదల్లకెల్లి, ట్రాలీ దిగిపోయిన మంగ్లి కొంగు సర్దుకుంట వచ్చింది.

"గట్ల జేస్తే మా గతేంది తమ్మీ? తండా కాడ ఎక్కితే తోట దాంక నువ్వు ఆపవు. పొదల కాడ ఆపుమని మొగపిల్లగానికి రోజూ ఎట్ల చెప్తం? సిగ్గుకు పొద్దుగాల నీళ్లు తాగుడే బంద్ పెట్టినం. ఒకసారి ఈయన బండి ఆపినప్పుడు మేము ఉరికిన ఉరుకుడు చూసిండు. ఆనాటి సంది నీ చక్రానికి రోజూ జ్వరమే."

ప్రేమ్‌సాగర్ గిలాస కింద పెట్టిండు.

తెల్లారి ఎవ్వరు ఆపకముందే ట్రాలీ నా హోటలు ముందర ఆగింది. ప్రేమ్‌సాగర్ దిగి, హబ్బు మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసుకున్నడు.

"బాగ కాలుతుంది. జరసేపు ఆగాలె" అన్నడు అందరికి వినపడేటట్టు.

షాలేమన్న ఊకుంటడా? పోయి తను సుత చెయ్యి పెట్టిండు.

"నీకు చూసుడు రాదు పిలగా. ఇది సల్లగున్నది."

ఆడోళ్లంత ఒక్కసారి ఆయన దిక్కు చూసిన్రు.

"లోపలున్నదేమో" అన్నడు నెమ్మదిగ.

ఇగ మీ చాయ్ సంగతి. అగో, మూల మలుపు కాడ రోడ్డు పక్కన పాలగిన్నె కనపడుతుంది. ఆయనేమో బొగ్గు లారీ కింద ఉన్నడు. లారీకి చక్రాలు శానా ఉంటయి. నల్ల చాయ్ పొయ్యాల్నా?