మూడో పిలుపు

చిన్న దుకాణాలవాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం ఒకటే: మెసేజ్ రాగానే జవాబివ్వండి, ఆలస్యమైతే బేరం పక్క కొట్టుకి పోతుంది. భవానీపూర్‌లో పచ్చళ్ళు అమ్మే రత్నం పిన్ని మాత్రం వినదు. ఎవరైనా మూడుసార్లు మెసేజ్ పెడితే గానీ పలకదు. ఈ సాయంత్రం ఆవిడ కొట్లో కూర్చుని, ఎందుకలా అని కాస్త గట్టిగానే అడిగాను.

“ఇక్కడ నిశి అని ఓ దెయ్యముంటాదమ్మా,” అంది పిన్ని. “చీకటి పడ్డాక మనకి కావలసినోళ్ళ గొంతుతో పిలుస్తాది. పలికామా, దాని ఎనకాలే పోతాం. అయితే రెండుసార్లే పిలుస్తాది. మూడోసారి పిలిస్తే మనిషే.”

“ఫోన్లోకి నిశి ఎలా వస్తుంది పిన్నీ?” అని నవ్వి, ఎవరు రాసినా దానంతటదే వెళ్ళేలా ఆవిడ ఫోన్లో ఒక జవాబు పెట్టేశాను: ‘మీకోసమే ఎదురుచూస్తున్నాం, రండి.’

వీధి దీపాలు వెలిగాక ఒక మెసేజ్ వచ్చింది. పేరూ ఫోటో లేని ఖాతా. ఒకటే మాట: ‘రత్తాలూ’. నా జవాబు వెంటనే వెళ్ళిపోయింది. మళ్ళీ ‘రత్తాలూ’. మళ్ళీ జవాబు.

పిన్ని చేతిలో గరిటె ఆగింది. “పలికీసిందేటి?” అంది మెల్లగా. “మా అమ్మ తప్ప ఆ పేరుతో నన్నెవులూ పిలవలేదు. అమ్మ పోయి సానా ఏళ్ళయిపోనాది.”

ఇద్దరం మూడో మెసేజ్ కోసం చూస్తూ కూర్చున్నాం. కొట్టు కట్టేసేదాకా రాలేదు.

నా పాఠం తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఈ పోస్టు కింద మీలో ఎవరైనా నన్ను పిలిస్తే, దయచేసి మూడుసార్లు పిలవండి.